మన డబుల్ బ్రిక్ గోడల మధ్య ఖాళీ ఎందుకొచ్చింది?



జూలైలో ఊరి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు మూడో రోజు పొద్దున్నే శాలువా కప్పుకుని పెరట్లో ఎండలో కూర్చున్నారు. "ఇదేమిటమ్మా, ఇంట్లో కంటే బయటే వెచ్చగా ఉంది!" అన్నారు. మీ ఇంటికి వచ్చినవాళ్ళూ ఈ మాట అనే ఉంటారు. జనవరిలోనేమో రాత్రి పదింటికి పడమటి గది గోడ మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఇల్లు కొన్నప్పుడు మాత్రం మనందరం విన్నది ఒకటే: "డబుల్ బ్రిక్ కదా, వేడీ రాదు, చలీ రాదు." ఆ మాట సగమే నిజం. ఎందుకో తెలియాలంటే ఈ గోడ కథ కొంచెం వినాలి.

పెర్త్‌కి ఇటుకతో అనుబంధం పాతదే. 1850 నుంచి 1868 వరకు బ్రిటన్ నుంచి ఓడల్లో ఖైదీలను ఇక్కడికి పంపేవారు. 1870లో పూర్తయిన పెర్త్ టౌన్ హాల్ వాళ్ళు కట్టిన ఇటుక భవనమే. జారా చెక్క దండిగా దొరికినా చెదల బెడద ఉంది. కొండల దిగువన ఇటుకకి పనికొచ్చే బంకమట్టికి కొదవలేదు. కొన్ని చోట్ల ఇటుకతోనో రాతితోనో తప్ప ఇల్లు కట్టకూడదని స్థానిక కౌన్సిళ్ళు నియమం పెట్టాయి. 1946లో మిడ్‌ల్యాండ్ బ్రిక్ కంపెనీ మొదలైంది. తూర్పు రాష్ట్రాల్లో లోపల చెక్క ఫ్రేము, బయట ఒక వరస ఇటుక పెట్టే పద్ధతి పెరిగింది. పెర్త్ మాత్రం రెండు వరసల ఇటుకనే పట్టుకుని ఉండిపోయింది.

ఆ రెండు వరసల మధ్య సుమారు 50 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. ఈ పద్ధతి 19వ శతాబ్దపు బ్రిటన్ నుంచి వచ్చింది. గాలివానకి బయటి ఇటుక తడిసినా ఆ తడి లోపలి గోడకి పాకకుండా కిందికి జారిపోవాలని ఆ ఖాళీ వదిలారు. అంటే అది నీళ్ళని ఆపడానికి పుట్టింది, వేడిని ఆపడానికి కాదు. వేడిని అడ్డుకునే శక్తిని ఇక్కడ ఆర్-వాల్యూ అంటారు. ఖాళీ ఉన్న డబుల్ బ్రిక్ గోడకి అది 0.7 దాటడమే కష్టం. చెక్క ఫ్రేము గోడల్లో పెట్టే ఇన్సులేషన్ పరుపులకే 2 నుంచి 2.7 దాకా ఉంటుంది.

"మరి మన ఊళ్ళో మందపు మట్టిగోడల ఇల్లు చల్లగా ఉండేది కదా?" అంటారు. నిజమే. బరువైన గోడ వేడిని ఆపదు, పీల్చుకుని దాచుకుంటుంది. మధ్యాహ్నం తాగిన వేడిని రాత్రికి వదులుతుంది. కానీ వేసవి రాత్రుళ్ళు మన అమ్మమ్మలు ఆ గోడల మధ్య పడుకున్నారా? నులకమంచాలు వాకిట్లోకో డాబా మీదకో చేరేవి. గోడ వదిలే వేడి ఖాళీ ఇంటికే తగిలేది. ఇక్కడ మనం తలుపులు బిగించుకుని సరిగ్గా ఆ గోడల మధ్యే పడుకుంటున్నాం. సాయంత్రం ఫ్రీమాంటిల్ డాక్టర్ అని పిలిచే సముద్రపు గాలి చల్లగా వీస్తే కిటికీలు తీసి ఇంటిని చల్లార్చుకోవచ్చు. అది ఆలస్యమైన రోజున గోడ చల్లారదు. 2021-22 వేసవిలో పెర్త్‌లో 13 రోజులు 40 డిగ్రీలు దాటింది. జనవరిలో వరుసగా ఆరు రోజులు అలా గడిచాయి. అన్ని రోజులు వేడి తాగిన గోడ ఒక్క రాత్రిలో ఎలా చల్లబడుతుంది?

హారిస్‌డేల్‌లో మన ఇళ్ళు కొత్తవే కదా, రూల్స్ ప్రకారమే కట్టారు కదా అనిపిస్తుంది. దేశం మొత్తానికి ఇళ్ళ ఇంధన నియమాలు 2003లో వచ్చాయి, తర్వాత స్టార్లు పెరుగుతూ వచ్చాయి. అయితే బరువైన గోడలకి ఆ నియమాల్లో వేరే దారి ఉంది. అందుకే పైకప్పు కింద ఇన్సులేషన్ ఉండి, గోడల్లో ఏమీ లేని కొత్త ఇళ్ళు ఇక్కడ మామూలే.

అలాగని రేపే ఎవరినో పిలిచి గోడలు నింపించేయకండి. ఈ దేశం ఇన్సులేషన్ విషయంలో రెండుసార్లు చెయ్యి కాల్చుకుంది. కాన్‌బెర్రాలో 1968 నుంచి 1979 వరకు "మిస్టర్ ఫ్లఫీ" పేరుతో వెయ్యికి పైగా ఇళ్ళ అటకల్లో ఆస్బెస్టాస్ పొడి నింపారు. ఆస్బెస్టాస్ ఏం చేస్తుందో మనలో నర్సులకి చెప్పనక్కర్లేదు. తర్వాత తీయించినా ఆ నూగు గోడల సందుల్లోకి జారి మిగిలిపోయింది. చివరికి 2014లో ప్రభుత్వం ఆ ఇళ్ళు కొని కూల్చేయాలని నిర్ణయించింది. రెండోది 2009 నాటి ప్రభుత్వ పథకం. పది లక్షలకి పైగా ఇళ్ళకి హడావిడిగా ఇన్సులేషన్ వేశారు. పనిలో నలుగురు యువకులు చనిపోయారు, వాళ్ళలో ముగ్గురు కరెంటు షాక్‌తో. 2010 ఫిబ్రవరిలో పథకం ఆపేశారు, 2014లో రాయల్ కమిషన్ విచారించింది. తప్పు ఇన్సులేషన్‌ది కాదు. తొందరది.

కాబట్టి ముందు ఖర్చు తక్కువ పనులు చూడండి. అటకలో పరుపులు జరిగిపోయాయేమో చూపించండి. తలుపుల కింద సందులు మూయండి. పడమటి గోడకి బయటి నుంచే నీడ ఇవ్వండి, పందిరి వేసి బీర పాదో చిక్కుడు పాదో పాకించినా చాలు. అప్పటికీ చాలకపోతే గోడలో నింపే రకం గురించి అడగండి. మొదటి ప్రశ్న: నింపేది తడి పీల్చదు కదా? ఆ ఖాళీ వాన కోసం పుట్టిందని మరిచిపోవద్దు. రెండోది: గోడలో వెళ్ళే కరెంటు తీగల్ని ఎలక్ట్రీషియన్ చూశారా? మూడోది: గోడ అడుగున తడి పోయే సందులు మూసుకుపోవు కదా? ఈ మూడింటికీ కాగితం మీద జవాబు ఇచ్చినవాళ్ళకే పని ఇవ్వండి.

ఇల్లు ఇంకా కట్టించుకోబోతున్న చెల్లెళ్ళకి ఒక్క మాట. ఆ ఖాళీలో ఇన్సులేషన్ పలకలు పెట్టించడం గోడ లేస్తున్నప్పుడే సులువు. కిచెన్ బెంచ్ రాయి ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గోడ లోపలిది మాత్రం ముందే అడగండి.