అంధ ఉద్యోగుల హక్కులు, కార్యాలయ సాంకేతికత (భారతదేశం)

భారతదేశంలో అంధులు, దృష్టిలోపం గల ఉద్యోగులు తమ విధులను ఇతరులతో సమానంగా నిర్వర్తించుటకు కావలసిన కంప్యూటరు సదుపాయాలకు చట్టరక్షణ కలదు. నియామకం ఒక ఎత్తయితే, ఆ ఉద్యోగానికి సంబంధించిన దస్త్రాలను స్వయంగా చదువుకొనగలగడం మరొక ఎత్తు.

స్క్రీన్ రీడర్

కంప్యూటరు తెరపైనున్న అక్షరాలను కృత్రిమ స్వరంతో వినిపించే, లేదా బ్రెయిలీ పరికరానికి అందించే సాఫ్ట్‌వేరును స్క్రీన్ రీడర్ అంటారు. వీటిలో జాస్ కొనవలసినది. ఆస్ట్రేలియాకు చెందిన అంధుడు మైకేల్ కరన్ 2006లో ప్రారంభించిన ఎన్‌వీడీఏ ఉచితం. వీటిని వాడేవారు మౌసుకు బదులు కీబోర్డుతోనే పని నడుపుతారు.

స్కాన్ చేసిన ఉత్తర్వు బొమ్మ మాత్రమే గనుక, అందులోని అక్షరాలను వేరుగా గుర్తింపజేస్తే తప్ప స్క్రీన్ రీడరుకు అది ఖాళీ కాగితంతో సమానం. పేరు పెట్టని మీట "బటన్" అని మాత్రమే వినిపిస్తుంది, అది ఆమోదానికో తిరస్కారానికో తెలియదు. తెలుగు కార్యాలయాలలో మరొక చిక్కున్నది. అను ఫాంట్లవంటి యూనికోడేతర ఫాంట్లలో టైపు చేసిన లేఖ కంటికి చక్కని తెలుగే, చెవికి మాత్రం అర్థంలేని రోమను అక్షరాల వరుస. అదే లేఖ యూనికోడులో ఉంటే ఈస్పీక్ వంటి స్వరయంత్రం తెలుగులోనే చదువుతుంది.

చట్టం

1995 నాటి చట్టం ప్రభుత్వోద్యోగాలలో వికలాంగులకు 3 శాతం రిజర్వేషను కల్పించింది. దాని స్థానంలో 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, 2016 దానిని 4 శాతానికి పెంచింది. ఇందులో 1 శాతం అంధులకు, దృష్టిలోపం గలవారికి. అంతకంటే ముఖ్యమైనది "సహేతుక సర్దుబాటు". సంస్థపై మితిమీరిన భారం పడనంతవరకు అవసరమైన మార్పులు చేయాలి. నిరాకరిస్తే అది వివక్షయే.

ఉద్యోగంలో ఉండగా చూపు కోల్పోయిన ప్రభుత్వోద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. పాత పనికి సరిపడకపోతే అదే వేతనశ్రేణిలో మరొక పనికి మార్చాలి. ప్రైవేటు సంస్థలకు రిజర్వేషను నిర్బంధం లేదు గాని, సమానావకాశ విధానాన్ని అవి కూడా ప్రకటించాలి.

2024 నవంబరులో రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు, సౌలభ్య ప్రమాణాలను కేవలం సూచనలుగా ఉంచిన 15వ నియమం చట్టవిరుద్ధమని తీర్పునిచ్చి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. 2025 మార్చిలో, దృష్టిలోపం కారణంగా ఎవరినీ న్యాయాధికారి పదవికి అనర్హులుగా చూడరాదని తీర్పు చెప్పింది.

ఫిర్యాదు

ప్రతి ప్రభుత్వ కార్యాలయంలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. నమోదైన ఫిర్యాదుపై రెండు వారాలలో విచారణ జరపాలి. తృప్తి కలగనివారు జిల్లాస్థాయి కమిటీని ఆశ్రయించవచ్చును. రాష్ట్ర కమిషనరు సిఫారసు చేసినచో సంబంధిత సంస్థ మూడు నెలలలో తన చర్యను తెలుపాలి, అంగీకరించనిచో కారణం చెప్పాలి.