ఐదేళ్లకోసారి చదవాల్సిన పుస్తకం

పుస్తకాల తొలి పేజీల్లో ‘పునర్ముద్రణ’ అనీ, ‘సవరించిన కూర్పు’ అనీ రెండు రకాల మాటలు చూస్తుంటాం. మొదటిదానికి కాగితం, సిరా ఉంటే చాలు. రెండోదానికి ఎవరో ఒకరు కూర్చుని పాత పుస్తకాన్ని మళ్లీ మొదటినుంచీ చదవాలి. సాహిత్యంలో ఈ తేడా ఎవరి ప్రాణాల మీదికీ రాదు. రసాయన పరిశ్రమల్లో వస్తుంది. అక్కడా ఒక పుస్తకం ఉంటుంది: ఏ పైపులో ఏం పారుతోంది, అది ఆగిపోతే ఏమవుతుంది, మరీ వేడెక్కితే ఏమవుతుంది, అప్పుడు దాన్ని అదుపు చేసేదేమిటి అని వరసగా రాసుకున్న ప్రమాద విశ్లేషణ. దాన్ని కొన్నేళ్లకోసారి సవరించాలని చట్టాలున్నాయి. ఆ నియమం ఎందుకు పుట్టిందో, పుట్టాక దానికి ఏ గతి పట్టిందో చూస్తే, పాత పాఠాన్ని మళ్లీ చదవడం ఎంత కష్టమైన పనో తెలుస్తుంది.

ఈ విశ్లేషణ పద్ధతుల్లో బాగా పేరున్నది హాజాప్. 1960లలో బ్రిటన్‌లోని ఐ.సి.ఐ. కంపెనీలో రూపుదిద్దుకుంది. దాన్ని లోకానికి పరిచయం చేసినవాళ్లలో ట్రెవర్ క్లెట్జ్ ముఖ్యుడు. పద్ధతి చూడ్డానికి చాలా తేలిక. ప్లాంట్ డ్రాయింగ్ ముందు పెట్టుకుని నలుగురైదుగురు కూర్చుంటారు. ఒక్కో పైపు దగ్గరా ఆగి ‘లేదు’, ‘ఎక్కువ’, ‘తక్కువ’, ‘వెనక్కి’ లాంటి కొన్ని మాటలతో ప్రశ్నలు వేస్తారు. ప్రవాహం లేకపోతే? వేడి ఎక్కువైతే? ద్రవం వెనక్కి మళ్లితే? ఒక కవితను పదం పదం ఆగి చదివినట్టే ఉంటుంది ఈ పని. చిక్కల్లా ఒక్కటే. వాళ్లు చదివేది డ్రాయింగ్‌ని. డ్రాయింగ్ మారదు, ప్లాంట్ మారుతుంది.

ఎంతగా మారుతుందో ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరో చూపించింది. 1974లో అక్కడి నైప్రో కర్మాగారంలో, వరసగా ఉన్న ఆరు రియాక్టర్లలో అయిదోదానికి పగులు వచ్చింది. దాన్ని తీసేసి, నాలుగునీ ఆరునీ కలుపుతూ తాత్కాలికంగా 20 అంగుళాల పైపు వేశారు. దానికి డ్రాయింగ్ అంటూ ఉన్నది వర్క్‌షాప్ నేల మీద సుద్దముక్కతో గీసిన బొమ్మే. జూన్ 1న ఆ పైపు తెగింది. లోపలి సైక్లోహెక్సేన్ ఆవిరి మేఘంలా కమ్మి పేలిపోయింది. 28 మంది చనిపోయారు. శనివారం కాబట్టి ఆఫీసులు ఖాళీగా ఉన్నాయి, లేకపోతే లెక్క ఇంకా పెరిగేది. ప్రాణాలు తీసిన ఆ పైపు మొదటి డిజైన్‌లో అసలు లేనే లేదు.

పదేళ్ల తర్వాత భోపాల్. అక్కడ ఉన్న రక్షణ ఏర్పాట్లని ఒక్కొక్కటిగా ఆపేశారు. మిథైల్ ఐసోసైనేట్‌ని చల్లగా ఉంచాలన్నది డిజైన్‌లోని ప్రాథమిక షరతు. 1984 మధ్యలో ఆ శీతలీకరణ యంత్రాన్ని ఆపేశారు. లీకైన వాయువును కాల్చేయాల్సిన ఫ్లేర్ టవర్ మరమ్మతు కోసం విడదీసి ఉంది. అంతకుముందు 1982లో మాతృసంస్థ నుంచి వచ్చిన నిపుణుల బృందం లోపాల జాబితా రాసే వెళ్లింది. అంటే కాగితం ఉంది. దాని మీదున్న భద్రతా ఏర్పాట్లు డిసెంబర్ 2 రాత్రికి పనిలో లేవు.

ఈ అనుభవాల తర్వాతే చట్టాలు వచ్చాయి. మన దేశంలో 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతుల నిబంధనలు తెచ్చారు. పెద్ద కర్మాగారాలు భద్రతా నివేదిక ఇవ్వాలి. ముఖ్యమైన మార్పు చేసేముందు దాన్ని సవరించాలి. ఏ మార్పూ లేకపోయినా మూడేళ్లలోపు, కొత్తగా తెలిసిన సాంకేతిక విషయాల్ని లెక్కలోకి తీసుకుని మళ్లీ ఇవ్వాలి. అమెరికాలో 1992 నాటి ప్రాసెస్ సేఫ్టీ నిబంధన ఐదేళ్ల గడువు పెట్టింది. విశ్లేషణను అప్‌డేట్ చేయడంతోబాటు, అది ఇప్పటికీ చెల్లుతుందో లేదో నిర్ధారించాలంది. ఆ జట్టులో ఆ ప్లాంట్‌ని స్వయంగా ఎరిగిన ఉద్యోగి ఒకరైనా ఉండాలంది. ప్లాంట్ నడిచినంత కాలం పాత విశ్లేషణలన్నీ దాచి ఉంచాలని కూడా అంది.

మంచి నియమాలే. కానీ పాటించడం వేరు, చదవడం వేరు. వాషింగ్టన్ రాష్ట్రంలోని అనాకోర్టెస్‌లో టెసోరో రిఫైనరీ ఉంది. 2010 ఏప్రిల్ 2న, అర్ధరాత్రి దాటాక, అక్కడ దాదాపు నలభై ఏళ్లనాటి హీట్ ఎక్స్‌ఛేంజర్ బద్దలై ఏడుగురు కార్మికులు మరణించారు. ఎక్కువ వేడిలో హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి లోపల్నుంచి దాన్ని బలహీనపరిచింది. ఆ ప్రమాదం ఎవరికీ తెలియనిది కాదు. గడువు ప్రకారం సమీక్షలూ జరిగాయి. అయితే, దర్యాప్తు చేసిన కెమికల్ సేఫ్టీ బోర్డు తేల్చిందేమిటంటే, ఆ సమీక్షలు డిజైన్ అంకెల మీద ఆధారపడ్డాయి. లోపల నిజంగా ఎంత వేడి ఉందో కొలిచి చూసుకోలేదు. ఇంకో సంగతి. ఏ ఉక్కు ఎంత వేడి వరకూ క్షేమమో చెప్పడానికి ‘నెల్సన్ కర్వ్’ అనే గీతను పరిశ్రమ దశాబ్దాలుగా నమ్ముకుంది. ఇక్కడి ఉక్కు బహుశా ఆ గీత కింద, అంటే క్షేమమనుకున్న చోటే, దెబ్బతిందని బోర్డు అంచనా. ప్లాంటే కాదు, దాన్ని చదవడానికి వాడిన నిఘంటువు కూడా పాతబడిందన్నమాట.

ఎక్స్‌ఛేంజర్లు మొదలుపెట్టేటప్పుడల్లా లీకవుతుండేవి. లీకు మామూలైపోయింది. ఆ రాత్రి కూడా సాయానికి అదనంగా మనుషులు వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఇలాంటి విషయం డ్రాయింగ్‌లో దొరకదు. షిఫ్ట్‌లో పనిచేసేవాళ్లని అడిగితేనే దొరుకుతుంది.

విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర 2020 మే 7 తెల్లవారుజామున జరిగింది మనకింకా గుర్తే. ఎల్జీ పాలిమర్స్ నిల్వ ట్యాంకులో స్టైరీన్ తనంతట తాను వేడెక్కి, ఆవిరై ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్ వల్ల ప్లాంట్ ఆగి ఉంది కాబట్టి ప్రమాదం లేదనిపించే రోజులవి. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఎత్తిచూపిన అంశాల్లో రెండు ఈ వ్యాసానికి పనికొస్తాయి. ఒకటి, 2019 డిసెంబర్‌లో ఆ ట్యాంకు పైపుల అమరికలో మార్పు చేశారు, దాంతో లోపలి ద్రవం సరిగా కలవడం తగ్గింది. రెండు, ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ట్యాంకు అడుగునే ఉంది. అడుగున చల్లగా ఉన్నట్టు కనిపిస్తుంటే పైన మరుగుతోంది. ఫ్లిక్స్‌బరోకీ దీనికీ మధ్య 46 ఏళ్లు. పైపు మార్చాక పాత ప్రశ్నల్ని మళ్లీ అడగాలన్న పాఠం మాత్రం అదే.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లకి ఇది పరిచయమైన రోగమే. కోడ్ మారుతుంది, పక్కన రాసిన కామెంట్ పాతదే ఉండిపోతుంది, కొత్తగా వచ్చినవాడు కామెంట్‌ని నమ్ముతాడు. మా దగ్గర మహా అయితే ఒక సర్వర్ పడిపోతుంది. అందుకే మాకు బద్ధకం చెల్లుతుంది.

ఐదేళ్ల గడువు దగ్గరపడ్డప్పుడు పాత ఫైలు తెరిచి, తేదీ మార్చి, సంతకాలు పెట్టడం సులువు. పాత విశ్లేషణ ఎవరో తెలివైనవాళ్లు రాసిందే, గత ఐదేళ్లూ ఏమీ జరగలేదు, కాబట్టి అది సరైనదే అనిపిస్తుంది. ఏమీ జరగకపోవడం సాక్ష్యంలా కనిపిస్తుంది గానీ, అనాకోర్టెస్ ఉక్కులో కూడా ఏళ్ల తరబడి బయటికి ఏమీ కనిపించలేదు. పాత కూర్పుల్ని దాచి ఉంచమన్న నియమం ఇక్కడే అక్కరకొస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. మధ్యలో యంత్రాలు ముసలివయ్యాయి, పైపులు మారాయి, మనుషులు రిటైరయ్యారు. అయినా వాక్యాలన్నీ అక్షరం తేడా లేకుండా అలాగే ఉన్నాయంటే, ఆ ఐదేళ్లలో దాన్ని ఎవరూ చదవలేదని అర్థం.