ఫిజియోథెరపీలో అసిస్టెంట్లు: ఏ పని ఎవరిది, బాధ్యత ఎవరిది?

పక్షవాతం వచ్చినా, మోకీలు మార్పిడి ఆపరేషన్ అయినా, ఎముక విరిగి కట్టు విప్పినా డాక్టర్లు ఫిజియోథెరపీ రాస్తారు. అక్కడి నుంచి రోజూ పేషెంట్‌తో వ్యాయామం చేయించే మనిషి చాలాసార్లు ఫిజియోథెరపిస్టు కాదు. క్లినిక్‌లోని అసిస్టెంటో, ఇంటికొచ్చే హెల్పరో ఆ పని చూస్తారు. ఇందులో తప్పేమీ లేదు. అసిస్టెంట్ పనిని ఎవరూ చూడనప్పుడు, ఆయనే సొంతంగా నిర్ణయాలు తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు సమస్య వస్తుంది. తెల్లకోటు కనిపిస్తే చాలు ‘డాక్టర్ సాబ్’ అని పిలవడం మన ఇళ్లలో అలవాటు. అందుకే ఈ తేడా కుటుంబం దృష్టికి రాకుండానే పోతుంది.

ఎవరు ఎవరు?

ఫిజియోథెరపిస్టు అంటే బీపీటీ డిగ్రీ చదివినవారు. మన దేశంలో చాలాకాలం ఇది నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌గా నడిచింది. ఆ పైన ఎంపీటీ ఉంటుంది. 2021లో పార్లమెంటు చేసిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టంలో ఫిజియోథెరపీ వృత్తిని చేర్చారు. ప్రతి రాష్ట్రంలో కౌన్సిల్ ఉండాలని, అర్హులైనవారి పేర్లు రిజిస్టర్‌లో నమోదు కావాలని ఆ చట్టం చెబుతుంది.

అసిస్టెంట్ల విషయంలో ఇంత స్పష్టత లేదు. పని చూసి నేర్చుకున్నవారు, నర్సింగ్ అసిస్టెంట్లు, ఇంకా కోర్సు పూర్తికాని విద్యార్థులు, అందరినీ ఒకే పేరుతో పిలుస్తారు. కాబట్టి కుటుంబాలే అడిగి తెలుసుకోవాలి.

అమెరికాలో ఎలా ఉంది?

అమెరికాలో పిల్లల దగ్గర ఉండే తల్లిదండ్రులకు అక్కడి పద్ధతి తెలిసుంటే మంచిది. అక్కడ మూడు మెట్లు ఉంటాయి. పైన ఫిజికల్ థెరపిస్టు. ఆ కింద ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్. వీళ్లు రెండేళ్ల కోర్సు చదివి, జాతీయ పరీక్ష పాసై, రాష్ట్రం నుంచి లైసెన్సో సర్టిఫికెటో తీసుకోవాలి. ఈ కోర్సులు 1967లో మొదలై, 1969లో మొదటి బ్యాచ్ బయటికొచ్చింది. మూడో మెట్టు ఎయిడ్. వీళ్లకు లైసెన్స్ ఉండదు. పరికరాలు శుభ్రం చేయడం, గది సిద్ధం చేయడం, పేషెంట్‌ని తీసుకురావడం వీళ్ల పని.

డబ్బు లెక్కలోనూ ఈ తేడా కనిపిస్తుంది. 65 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ బీమా అయిన మెడికేర్, 2022 నుంచి అసిస్టెంట్ చేసిన థెరపీకి మామూలు రేటులో 85 శాతమే చెల్లిస్తోంది. ఎయిడ్ చేసిన పనిని థెరపీ కింద లెక్కగట్టదు. ప్రైవేట్ క్లినిక్‌లలో అసిస్టెంట్ పనిచేస్తున్నప్పుడు థెరపిస్టు అక్కడే ఉండాలని మెడికేర్‌లో నియమం ఉండేది. 2025 జనవరి నుంచి దాన్ని సడలించి, ఫోన్‌లో అందుబాటులో ఉంటే చాలన్నారు. రాష్ట్రం నియమం ఇంతకంటే కఠినంగా ఉంటే దాన్నే పాటించాలి.

దూరం నుంచి పర్యవేక్షించినా బాధ్యత మాత్రం థెరపిస్టుదే. మొదటి పరీక్ష, చికిత్స ప్లాన్, ఆ ప్లాన్‌లో మార్పు, చివరికి చికిత్స ఆపేయాలన్న నిర్ణయం అసిస్టెంట్ చేతికి వెళ్లవు. దుకాణంలో లెక్కలు గుమాస్తా రాసినా ఆడిట్ రిపోర్టు మీద సంతకం ఆడిటర్‌దే అయినట్టు.

అసిస్టెంట్ ఏం చేయవచ్చు?

ప్లాన్‌లో రాసిన వ్యాయామాలు చేయించవచ్చు. వాకర్‌తో నడిపించవచ్చు, మంచం మీంచి కుర్చీలోకి మార్చవచ్చు. ఎన్నిసార్లు చేశారు, నొప్పి ఎంతుంది, బీపీ ఎంతుంది అని రాసి థెరపిస్టుకి చెప్పవచ్చు. రోజూ పక్కనుండే మనిషి కాబట్టి మార్పుని ముందుగా గమనించేది కూడా చాలాసార్లు అసిస్టెంటే. మంచి అసిస్టెంట్ దొరికిన ఇంట్లో పేషెంట్‌కి ధైర్యం వస్తుంది.

ఏం చేయకూడదు?

కొత్త వ్యాయామం సొంతంగా మొదలుపెట్టకూడదు. బరువు పెంచకూడదు. ఎక్స్‌రే చూసి జబ్బు చెప్పకూడదు. థెరపిస్టు చెప్పకుండా మెషిన్ పెట్టకూడదు. ‘కరెంట్ పెట్టడం’ చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, పేస్‌మేకర్ ఉన్నవారికి ఆ కరెంట్ మెషిన్లు ప్రమాదం కావచ్చు. షుగర్ వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవారికి హాట్ ప్యాక్ వేడి తెలియదు. చర్మం కాలి బొబ్బలెక్కాక గానీ తెలియదు, ఆ పుండు మానడం కూడా ఆలస్యమవుతుంది. పక్షవాతం వచ్చిన వైపు చెయ్యి పట్టుకుని లాగి లేపితే భుజం కీలు దెబ్బతింటుంది. ఈ మూడు సంగతులూ మొదటి పరీక్షలోనే థెరపిస్టు చూసి, అసిస్టెంట్‌కి చెప్పి ఉండాలి.

వెంటనే వ్యాయామం ఆపేసి థెరపిస్టుకో డాక్టర్‌కో చెప్పాల్సిన లక్షణాలు కొన్ని ఉన్నాయి. ఒక కాలి పిక్క వాచి నొప్పిపెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, కొత్తగా చెయ్యో కాలో బలహీనపడటం, ఆపరేషన్ గాయం ఎర్రబడి చీము కారడం. ఆపరేషన్ తర్వాత పిక్కలో రక్తం గడ్డకట్టి, అది ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ‘వ్యాయామం చేస్తే నొప్పి మామూలే’ అని అసిస్టెంట్ సర్దిచెబితే ఆగిపోకూడదు. ఆయాసం, ఛాతీ నొప్పి, కొత్త బలహీనత కనిపిస్తే ఫోన్ చేసి ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మహిళా పేషెంట్లు, నమాజు

ఇంట్లో అమ్మీకో నానీకో చికిత్స అవసరమైతే ఆడమనిషే కావాలని చాలా కుటుంబాలు అడుగుతాయి. అది న్యాయమైన కోరికే. అయితే ఆడమనిషి అయితే చాలని చదువు సంగతి వదిలేయకూడదు. మహిళా థెరపిస్టు దొరకని చోట, మహిళా అసిస్టెంట్ వ్యాయామం చేయించి, థెరపిస్టు ఇంటివారి సమక్షంలో పరీక్షించి ప్లాన్ రాసేలా ఏర్పాటు చేసుకోవచ్చు. పర్దా నిలుస్తుంది, చికిత్సా సరిగ్గా సాగుతుంది.

మోకీలు ఆపరేషన్ అయినవారు మొదట అడిగే ప్రశ్న, సజ్దా ఎప్పటి నుంచి చేయొచ్చని. తుంటి కీలు మార్పిడి జరిగితే కొన్ని వారాలపాటు తుంటి ఎక్కువగా వంచొద్దని చాలామంది సర్జన్లు చెబుతారు. రుకూ, సజ్దా, నేలమీద కూర్చోవడం, అన్నీ దీని కిందికే వస్తాయి. ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్, థెరపిస్టు చెప్పాలి. అప్పటిదాకా కుర్చీ మీద నమాజు చదువుకోవచ్చు. ‘ఏం కాదు, కూర్చోండి’ అనే మాట అసిస్టెంట్ నోటి నుంచి రాకూడదు.

కుటుంబం అడగాల్సినవి

మొదటి పరీక్ష ఎవరు చేశారు, వారి డిగ్రీ ఏమిటి? ప్లాన్ కాగితం మీద ఉందా? రోజూ వచ్చేవారి చదువు ఏమిటి? థెరపిస్టు మళ్లీ ఎన్ని రోజులకు వచ్చి చూస్తారు? మధ్యలో తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? బిల్లు మీద ఎవరి పేరుంది, చికిత్స చేసింది ఎవరు?

ఈ ప్రశ్నలకు మంచి క్లినిక్ ఇబ్బంది పడదు. వారాలు గడుస్తున్నా థెరపిస్టు ఒక్కసారి కూడా మళ్లీ చూడకపోతే, మొదటి రోజు రాసిన వ్యాయామాలే అలాగే సాగుతుంటే, అక్కడ పర్యవేక్షణ లేదని అర్థం. అలాంటప్పుడు అసిస్టెంట్ మీద కోప్పడి లాభం లేదు. థెరపిస్టుని పిలిపించి మళ్లీ పరీక్ష చేయమని అడగాలి, కుదరకపోతే వేరే చోటు చూసుకోవాలి.