గృహ సర్వరు భద్రత - యూనిక్స్ చరిత్ర: పరిశీలన

1. ఉపోద్ఘాతం

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ రూపకల్పన ప్రారంభించారు. ఒకే యంత్రాన్ని పరస్పరం నమ్మే సహోద్యోగులు పంచుకొన్న వాతావరణమది. నేడు అదే సంప్రదాయానికి చెందిన లినక్స్‌ను పాత కంప్యూటరులో నెలకొల్పి, బ్రాడ్‌బ్యాండ్ ద్వారా ఇంటి నుండే సర్వరు నడపవచ్చు. ఒక పరిశోధకుడు తాళపత్రాల ఛాయాచిత్రాలను, క్షేత్రపర్యటన ధ్వనిముద్రణలను అందులో దాచుకొంటే, భద్రత లోపించినప్పుడు నష్టపోయేది ఏళ్ల శ్రమను. ఆ భద్రతా సూత్రాలు యూనిక్స్ ఎదుర్కొన్న వైఫల్యాల నుండే రూపొందాయని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. తండ్రి హెచ్చరిక - కుమారుని ప్రోగ్రాము

1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ పాస్‌వర్డుల భద్రతపై ఒక వ్యాసం ప్రచురించారు. వారు పరిశీలించిన 3,289 పాస్‌వర్డులలో 2,831, అంటే 86 శాతం, మరీ పొట్టివిగానో నిఘంటువుల్లో దొరికేవిగానో తేలాయి. లోపం గూఢలిపిలో కంటే మనిషి అలవాటులో ఎక్కువగా ఉందని దీనివల్ల స్పష్టమైంది.

1988 నవంబరు 2న ఆ మోరిస్ కుమారుడు రాబర్ట్ టాపన్ మోరిస్ వదిలిన ‘వర్మ్’ ఇంటర్నెట్‌లోని వేలాది యంత్రాలను స్తంభింపజేసింది. అది సెండ్‌మెయిల్‌లో తెరిచి ఉన్న డీబగ్ మార్గాన్ని, ఫింగర్ సేవలోని లోపాన్ని, యంత్రాల మధ్య ఉన్న పరస్పర విశ్వాసాన్ని వాడుకొంది, పాస్‌వర్డులనూ ఊహించింది. తండ్రి ఎత్తిచూపిన బలహీనతే కుమారుని ప్రోగ్రాముకు ఒక ద్వారమైంది.

3. టెల్నెట్ నుండి ఎస్‌ఎస్‌హెచ్‌కు

టెల్నెట్ పాస్‌వర్డును యథాతథంగా పంపేది. దారిలో పొంచి ఉన్నవారు దానిని చదవగలిగేవారు. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్కులో అటువంటి చౌర్యం జరిగిన తరువాత, 1995లో టాటు ఇలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్‌ను రచించారు. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను వెలువరించింది. పాస్‌వర్డు లేకుండానే, తాళపుచెవుల జంటతో వాడుకరిని గుర్తించే పద్ధతి అందులో ఉంది.

4. ముగింపు

డయల్-అప్ కనెక్షను పని ముగియగానే తెగిపోయేది; బ్రాడ్‌బ్యాండ్ రాత్రింబవళ్లు తెరిచే ఉంటుంది. దారినపోయే ప్రోగ్రాములు 22వ పోర్టును నిరంతరం తట్టి చూస్తుంటాయి. కాబట్టి వాడని సేవలను ఆపివేయడం, రౌటరులో అవసరమైన పోర్టునే తెరవడం, పాస్‌వర్డు ప్రవేశాన్ని మూసి తాళపుచెవిని వాడడం, సవరణలను వెంటనే స్వీకరించడం గృహ సర్వరుకు కనీస విధులు. వీటన్నిటినీ పాటించినా మరొకచోట ఒక ప్రతి ఉండవలసిందే. మన తాళపత్ర గ్రంథాలు తరతరాలుగా నిలిచింది పెట్టెల గట్టిదనం వల్ల మాత్రమే కాదు, ప్రతులు రాసుకొన్నవారి శ్రద్ధ వల్ల కూడా.