కదలని ఇల్లు, మారిన జిల్లాలు

వరుసగా మూడు రోజులు సెలవులొస్తే ఖమ్మం నుంచి కారులో బయల్దేరాం. ముందు నేలకొండపల్లి: బౌద్ధ స్తూపం, భక్త రామదాసు పుట్టిన ఊరు. అక్కణ్ణుంచి ఆయన గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలైన భద్రాచలం.

గుడి దాటిన కాసేపటికే ఎటపాక, మా అత్తయ్యగారి పుట్టిల్లు. ఆవిడ పుట్టినప్పుడు అది తూర్పుగోదావరి జిల్లా. 1959లో ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం మళ్లీ తూర్పుగోదావరికి ఇచ్చేశారు. భద్రాచలం మాత్రం తెలంగాణలోనే ఉండిపోయింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది, అప్పట్లో కలెక్టరాఫీసు ఎక్కడో పాడేరులో ఉండేది!

బజారుకీ ఆస్పత్రికీ మాత్రం ఇప్పటికీ పక్కనున్న భద్రాచలమే. "మనిల్లు అంగుళం కదల్లేదే అమ్మా" అన్నారు అత్తయ్యగారు.

మీ పెద్దవాళ్లనీ అడిగి చూడండి, వాళ్లు పుట్టినప్పుడు మీ ఊరు ఏ జిల్లానో.