దుర్భిణికి రెండో కన్ను

1608 అక్టోబర్ 2న నెదర్లాండ్స్ పాలకుల ముందుకు హేగ్ నగరంలో ఒక అర్జీ వచ్చింది. పెట్టుకున్నవాడు మిడిల్‌బర్గ్‌లో కళ్లజోళ్లు చేసే హాన్స్ లిపర్‌హే. దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపించే గొట్టం కనిపెట్టానని, దానిమీద హక్కులు తనకే ఇవ్వాలని కోరాడు. స్పెయిన్‌తో ఏళ్ల తరబడి పోరాడుతున్న దేశానికి అలాంటి గొట్టం విలువ ఒకరు చెప్పక్కర్లేదు. అధికారులు చూశారు, మెచ్చుకున్నారు, ఆ వెంటనే ఇంకొకటి అడిగారు: రెండు కళ్లతో చూసేలా చేయగలవా? డిసెంబర్‌లో లిపర్‌హే స్ఫటికం అరగదీసి అదీ చేసి చూపించాడు. హక్కులు మాత్రం దక్కలేదు. ఈ కిటుకు ఇప్పటికే మరికొందరికి తెలుసని చెప్పి, పనికి 900 గిల్డర్లు ఇచ్చి పంపేశారు.

అంటే దుర్భిణి లోకానికి తెలిసిన ఏడాదే జంట దుర్భిణీ పుట్టింది. అయినా పది రెట్లు, పదిహేను రెట్లు దగ్గర చేసి చూపించే బైనాక్యులర్ మామూలు మనిషి మెడలోకి రావడానికి మూడు వందల ఏళ్లు పట్టింది. పవర్ పెంచడం చేతకాక కాదు. 1609లో గెలీలియో ఇరవై రెట్ల గొట్టం చేసుకోనే చేసుకున్నాడు. పెంచిన పవర్‌తో పాటు వచ్చే చిక్కులే ఇన్నాళ్లు పట్టించాయి. బైనాక్యులర్ కొనేవాళ్లు డబ్బామీది పెద్ద అంకె చూసి మోసపోకుండా ఉండాలంటే ఈ చరిత్ర తెలియడం చాలా అవసరమని నా నమ్మకం.

గెలీలియో గొట్టంలో ముందు కుంభాకార కటకం, కంటి దగ్గర పుటాకార కటకం ఉండేవి. బొమ్మ నిటారుగానే కనిపించేది. కానీ పవర్ పెంచిన కొద్దీ కనిపించే మేర కుంచించుకుపోయి, చివరికి సందులోంచి చూస్తున్నట్టే ఉండేది. 1611లో కెప్లర్ రెండు చోట్లా కుంభాకార కటకాలే పెట్టమన్నాడు. మేర విశాలమైంది, బొమ్మ తలకిందులైంది. నక్షత్రాలు చూసేవాళ్లకు దాంతో పేచీ లేదు, కొండమీది జింకను వెతికేవాళ్లకు పనికిరాదు. బొమ్మను మళ్లీ నిలబెట్టడానికి ఇంకొన్ని కటకాలు పెడితే గొట్టం బారెడయ్యేది. అలాంటి గొట్టాలు రెండింటిని పక్కపక్కన బిగించి, వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే దిక్కుకు నిలపాలి. ఏ కాస్త తప్పినా రెండు కళ్లకు రెండు బొమ్మలు కనిపించి తలనొప్పి పట్టుకుంటుంది. పవర్ ఎక్కువైతే ఆ తేడా కూడా అన్ని రెట్లు పెద్దదవుతుంది. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో షెరూబాఁ దోర్లియాఁ అనే క్రైస్తవ సన్యాసి ఇలాంటి జంట గొట్టాలు శ్రద్ధగా చేశాడు. అవి చాలావరకు దర్బారుల్లో చూసి ఆనందించే వస్తువులుగానే మిగిలాయి.

1823లో వియన్నాలో ఫోక్ట్‌లాండర్ నాటకశాలల కోసం చిన్న జంట దుర్భిణి తెచ్చాడు. లోపల ఉన్నది గెలీలియో పద్ధతే, పవర్ రెండు మూడు రెట్లు. దాన్నే కాస్త పెద్దది చేసి సైనికులు, వేటగాళ్లు వాడుకున్నారు.

అంతకు మించి పవర్ కావాలనుకున్న వేటగాడు ఒంటికంటి గొట్టాన్నే నమ్ముకున్నాడు. స్కాట్లండ్ కొండల్లో ఎర్రజింకల వేటకు దారి చూపే పనివాళ్లు, అక్కడి మాటలో గిల్లీలు, లాగితే పొడవయ్యే ఇత్తడి టెలిస్కోపుల్ని ఇరవై రెట్ల పవర్‌తో వాడేవాళ్లు. ఆ పవర్ దగ్గర చేతిలో నిలపడం అసాధ్యం. అందుకే వాలులో వెల్లకిలా పడుకుని, గొట్టాన్ని మోకాలికో చేతికర్రకో ఆనించి, ఎదుటి కొండను అంగుళం అంగుళం గాలించేవాళ్లు. 1900లో దక్షిణాఫ్రికాలో జరుగుతున్న బోయర్ యుద్ధం కోసం లార్డ్ లోవాట్ తన ప్రాంతంలోని ఇలాంటి వాళ్లనే పోగుచేసి లోవాట్ స్కౌట్స్ దళాన్ని నిలబెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ వాళ్లలో కొందరి పని శత్రువు కందకాల్ని టెలిస్కోపుతో కనిపెట్టి ఉండటమే. ఎక్కువ పవర్‌కు ముందు కావలసింది ఆనిక అన్న సంగతి ఆ గిల్లీలకు మనకన్నా బాగా తెలుసు.

పొడవు చిక్కును విప్పినవాడు ఇటలీలో ఫిరంగిదళంలో పనిచేసిన ఇగ్నాజియో పొరో. 1854లో ఆయన పేటెంటు తీసుకున్న అమరికలో రెండు లంబకోణ పట్టకాలుంటాయి. కాంతి వాటిలో నాలుగుసార్లు మలుపు తిరిగేసరికి తలకిందులైన బొమ్మ నిటారవుతుంది, బారెడు దారి అరచేతిలోకి మడతపడుతుంది. ఆలోచన బంగారం లాంటిది, గాజే సహకరించలేదు. ఆనాటి గాజులో బుడగలు, చారలు. అంత మందపు పట్టకం దాటేసరికి బొమ్మ మసకబారిపోయేది.

జర్మనీలోని యేనా పట్టణంలో కార్ల్ త్సైస్ కంపెనీ శాస్త్రవేత్త ఎర్నస్ట్ అబ్బేకు ఇదే ఊహ పొరో సంగతి తెలియకుండానే తట్టింది. 1873లో వియన్నా ప్రదర్శనకు ఒక నమూనా కూడా తీసుకెళ్లాడు. అక్కడితో ఆపి, మంచి గాజు కోసం ఎదురుచూశాడు. 1884లో ఓటో షాట్ యేనాలో గాజు ప్రయోగశాల పెట్టాక ఆ గాజు దొరికింది. 1893లో పేటెంటుకు వెళ్లాక పట్టకాల ఊహ పొరోదేనని తేలింది. అయినా అబ్బేకు సొంత కొత్తదనం ఒకటి మిగిలింది: ముందు కటకాలను కళ్ల మధ్య దూరం కన్నా ఎడంగా పెట్టడం. దానివల్ల దూరపు చెట్టుకూ దాని వెనక గుట్టకూ మధ్య ఎంత లోతుందో కంటికి తెలుస్తుంది. 1894లో అవి నాలుగు, ఆరు, ఎనిమిది రెట్ల పవర్‌తో అమ్మకానికొచ్చాయి. ఈ రోజు మనం బైనాక్యులర్ అంటున్నది అప్పుడు పుట్టింది. కొన్నేళ్లకే వెట్స్‌లార్ పట్టణపు హెన్సోల్ట్ కంపెనీ రూఫ్ పట్టకాలతో తిన్నని, సన్నని గొట్టాలు తెచ్చింది. 1905లో వచ్చిన ఆ కంపెనీ మోడల్ డయాలిట్, కోటు లోపల ఇమిడేది. యూరప్ వేటగాళ్లు దాన్ని ఆదరించారు.

తర్వాతి చిక్కు వెలుతురు. గాజుకూ గాలికీ మధ్య ప్రతి హద్దు దగ్గరా నాలుగైదు శాతం కాంతి వెనక్కి తిరిగిపోతుంది. పాతకాలపు బైనాక్యులర్‌లో అలాంటి హద్దులు పది. అంటే దాదాపు 40 శాతం వెలుగు కంటికి చేరకముందే పోయేది. 1935లో త్సైస్‌లో పనిచేసిన అలెగ్జాండర్ స్మాకులా కటకాలమీద అతిపలుచని పూత వేసి ఆ నష్టాన్ని బాగా తగ్గించాడు. జర్మన్ సైన్యం దాన్ని కొన్నేళ్లు రహస్యంగా ఉంచింది. ఇప్పుడు పొరలు పొరలుగా వేసే పూతలతో 90 శాతం పైగా కాంతిని కంటికి చేర్చే బైనాక్యులర్లున్నాయి. నా లెక్కలో బైనాక్యులర్ చరిత్రలో అబ్బే తర్వాత అంతటి మలుపు ఈ పూతే.

ఇప్పుడు అంకెల సంగతి. 8×56 అంటే ఎనిమిది రెట్ల పవర్, 56 మిల్లీమీటర్ల ముందు కటకం. రెండో అంకెను మొదటిదాంతో భాగిస్తే ఏడు. కంటికి చేరే కాంతిపుంజం వెడల్పు ఏడు మిల్లీమీటర్లన్నమాట. చీకట్లో కుర్రవాళ్ల కంటిపాప విచ్చుకునేది దాదాపు అంతే, వయసు మీరినకొద్దీ ఐదుకు పడిపోతుంది. జర్మనీలో మంచెమీద కూర్చుని సంధ్యవేళ అడవిపంది కోసం కాచుకునేవాడు ఈ 8×56 పట్టుకోవడం అందుకే. అమెరికాలోని అరిజోనాలో కూస్ జింక వేట దీనికి పూర్తిగా వేరు. జింక చిన్నది, బూడిదరంగుది, ఎండిన కొండ రంగులో కలిసిపోతుంది, అదీ కిలోమీటరుకు పైగా దూరంలో. అక్కడ 15×56ను ట్రైపాడ్‌మీద బిగించి, గంటలకొద్దీ కూర్చుని చెవి కదలికో కొమ్ము మెరుపో వెతుకుతారు. కాంతిపుంజం 3.7 మిల్లీమీటర్లే అయినా పట్టపగలు అది చాలు. ట్రైపాడ్ తీసేస్తే మాత్రం ఆ పదిహేను రెట్లు చేతి వణుకునూ పదిహేను రెట్లు చేస్తాయి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. తుపాకీకి బిగించిన స్కోపుతో వెతకడం కూడదు. స్కోపు ఎటు తిరిగితే తుపాకీ గొట్టం అటే తిరుగుతుంది. పొద వెనక కదిలింది జంతువో మనిషో తేల్చుకోవడానికే వేటగాడికి బైనాక్యులర్ ఉన్నది.

టార్గెట్ షూటింగ్ లెక్క ఇంకో రకం. మామూలు కన్ను పోల్చుకోగల అతిచిన్న వస్తువు 300 మీటర్ల దూరంలో సుమారు 9 సెంటీమీటర్లుంటుంది. 7.62 మిల్లీమీటర్ల తూటా చేసిన రంధ్రం అందులో సుమారు పన్నెండో వంతు. పన్నెండు రెట్ల పవర్‌తో అది కంటి అంచుకు చేరుతుందంతే. అట్టమీది నల్లటి భాగంలో స్పష్టంగా చూడాలంటే ఇరవై ఐదు, ముప్పై రెట్లు కావాలి. అది ట్రైపాడ్‌మీద పెట్టే ఒంటికంటి గొట్టం, అంటే స్పాటింగ్ స్కోపు, చేసే పని. 50 మీటర్ల రేంజిలో పాయింట్ ట్వంటీటూ తూటా రంధ్రానికి ఎనిమిది రెట్లు చాలు. పైగా ఎండవేళ నేల సెగలు పవర్‌తో పాటే పెరిగి, అరవై రెట్ల దగ్గర టార్గెట్ ఉడుకుతున్నట్టు కనిపిస్తుంది. ఆరితేరినవాళ్లు దాన్నీ వాడుకుంటారు. ఫోకస్‌ను టార్గెట్‌కు కాస్త ఇవతలికి తెచ్చి, ఆ సెగ అలలు ఎటు వాలుతున్నాయో చూసి గాలిని అంచనా కడతారు. అలలు నిట్టనిలువుగా లేస్తే పక్కగాలి లేదన్నమాట.

చేతి వణుకుకూ మందు కనిపెట్టారు. 1990లో త్సైస్ 20×60 ఎస్ మోడల్‌ను బ్యాటరీ లేకుండానే బొమ్మను నిలిపే అమరికతో తెచ్చింది. 1995లో కెనాన్ ఎలక్ట్రానిక్ పద్ధతిలో 12×36 తెచ్చింది. దూరం కొలిచే పని కూడా బైనాక్యులర్‌లోకే వచ్చింది: 1992 నాటి లైకా జియోవిడ్ ఎంత దూరమో లేజర్‌తో కొలిచి చెప్పింది.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో సరదా వేటకు చాలావరకు అడ్డుకట్ట పడింది. అంతకుముందు పిట్టను గుర్తుపట్టడానికి కూడా తుపాకీయే వాడేవారు. 1931లో సలీం అలీ హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే మొదలుపెట్టినప్పుడు పక్షుల్ని కాల్చి, చర్మాలు భద్రపరిచి గుర్తించడమే శాస్త్రం ఒప్పుకున్న పద్ధతి. అంతకు నలభై ఏళ్ల ముందే, 1889లో, ఫ్లోరెన్స్ మెరియమ్ అనే అమెరికన్ యువతి నాటకశాల దుర్భిణితోనే పక్షుల్ని గుర్తుపట్టవచ్చని పుస్తకం రాసింది. నేలపట్టులో, కొల్లేరులో ఇవాళ కొంగల్ని చూసేవాళ్ల మెడలోని బైనాక్యులర్ వేటగాడి కోసం మెరుగుపడ్డదే. తుపాకీ పనిని అది తీసుకోవడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

కొనేటప్పుడు, చేత్తో పట్టుకునేదైతే ఎనిమిది లేదా పది రెట్లు దాటొద్దు. పన్నెండు పైన ఏదైనా ట్రైపాడ్ తగిలించే మర ఉందో లేదో చూసుకోవాలి. 60 మిల్లీమీటర్ల కటకానికి వంద రెట్ల జూమ్ అని రాసి ఉంటే, కంటికి చేరే పుంజం అర మిల్లీమీటరు పైచిలుకే. దాన్ని అక్కడే వదిలేయండి. కొట్లోనే బైనాక్యులర్‌ను ఆనించి పెట్టి, దూరపు కరెంటు తీగనో గోడ అంచునో పది నిమిషాలు చూడండి. తీగ రెండుగా చీలినా, కళ్లు లాగినట్టనిపించినా, రెండు గొట్టాలు ఒకే దిక్కుకు లేవని అర్థం. అది ఇంట్లో మరమ్మతుకు లొంగేది కాదు. ఇంకో జత తీయించుకోండి.