నిండు చెరువు నిబ్బరం

కంగారు పడకుండా ఉండటం అనే ఒక్క పనికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఓర్పు, ఓపిక, తాలిమి, సహనం, నిదానం, నిబ్బరం, నిమ్మళం, స్తిమితం, స్థైర్యం... ఒక చేతి వేళ్ళు చాలవు. నిఘంటువు తిరగేస్తే ఒకదాని కింద ఇంకొకటి రాసి చేతులు దులుపుకుంటుంది. కాని ఇళ్ళల్లో మనం అలా కలగాపులగం చేస్తామా? పరీక్షకి వెళ్ళే పిల్లవాడికి "నిదానంగా రాయరా" అంటాం గాని "సహనంగా రాయరా" అనం. చావు జరిగిన ఇంట్లో "గుండె నిబ్బరం చేసుకో తల్లీ" అంటాం. అక్కడ "కాస్త ఓపిక పట్టు" అన్నవాడికి మరి ఆ ఇంట మంచినీళ్ళు పుట్టవు.

ఈ మాటల మధ్య తేడా తెలుసుకోవాలంటే నేనైతే పానగల్ చెరువు కట్ట మీదికి వెళ్ళమంటాను.

నల్లగొండ పట్నాన్ని ఆనుకుని ఉన్న ఈ పానగల్ ఒకప్పుడు కందూరు చోడుల రాజధాని. 11, 12 శతాబ్దాల్లో వాళ్ళు ఈ మెట్టనేలను ఏలారు. మెట్ట గనక రాజన్నవాడు కోట కంటే ముందు నీళ్ళ సంగతి చూడాలి. ఉదయచోడుని పేరు మీద వెలసిన ఉదయసముద్రం ఆ ఆలోచన ఫలమే. సముద్రం లేని సీమ గనక చెరువుకే ఆ పేరు పెట్టుకున్నారు!

చెరువు ఎన్నాళ్ళైనా నిలవాలంటే మూడు ఉండాలి. నీటి బరువును మోసే కట్ట, అవసరమైనంత నీరు వదిలే తూము, మించిన నీరు పోయే అలుగు. మన మాటలూ సరిగ్గా ఇలాగే పంచుకున్నాయి.

కట్ట చేసే పనికి ఓర్పు, ఓపిక, తాలిమి. ఓర్చు, ఓపు, తాళు అనే అచ్చ తెలుగు క్రియల్లోంచి పుట్టాయివి. మూడింట్లోనూ మోయడమే ఉంది. ఓపిక అంటే బలమనే అర్థం ఇప్పటికీ పోలేదు. "లేవడానికి ఓపిక లేదు" అన్న ముసలమ్మ తన ఒంట్లో సత్తువ గురించి చెబుతోంది. సహనం కథ ఇంకా విడ్డూరం. వేదాల్లో 'సహ' ధాతువుకు శత్రువును గెలవడమని అర్థం. తర్వాత తర్వాత అది భరించడం అయింది. గెలిచేవాడి మాట ఓర్చుకునేవాడి మాటగా మారిపోయిందన్నమాట.

తూము చేసే పనికి నిదానం. వేదకాలంలో నిదానమంటే పశువును కట్టే తాడు. తర్వాత మూలకారణం అనే అర్థం వచ్చింది. వైద్యులు జబ్బుకి మూలం వెతకడాన్ని రోగనిదానం అన్నారు. తెలుగువాళ్ళ నోట అది తొందరపడకపోవడం అయింది. తాడు ఎక్కడికీ పోలేదు చూడండి, ఉరికే మనసును పట్టి ఉంచడమే కదా నిదానం!

ఇక నీళ్ళ వంతు. నిబ్బరం అనేది నిర్భరం అన్న సంస్కృత పదానికి వికృతి. నిర్భరమంటే నిండినది. నిండుకుండ తొణకదని మనవాళ్ళు ఊరికే అనలేదు. నిమ్మళం నిర్మలంలోంచి వచ్చింది, అంటే మురికి లేనిది. చెరువులో బర్రెలు దిగితే నీళ్ళు కలకబారతాయి. అవి వెళ్ళిపోయాక ఒండ్రు అడుక్కి దిగి పైన తేట నిలుస్తుంది. మన పల్లెల్లో "అంతా నిమ్మలమేనా?" అని అడిగే మాటలో ఉన్నది ఆ తేటదనమే. స్తిమితానికి సంస్కృతంలో తడిసినదని ఒక అర్థం, కదలనిదని ఒక అర్థం. మనసు కుదుటపడటాన్ని చెప్పే మూడు మాటల్లోనూ నీటి చెమ్మ తగలడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

స్థైర్యం మాత్రం నీళ్ళలో లేదు, రాతిలో ఉంది. దానికి మూలం నిలబడటం. అది చూడాలంటే చెరువుకి దగ్గరలోనే ఉన్న ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్ళాలి. అక్కడ ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ కదలకుండా నిలిచి ఉంటుంది. ఎండ నేరుగా లోపలికి రాదు. మండపం స్తంభాల సందుల్లోంచి చెదిరి వచ్చే వెలుగే ఆ నీడ వేస్తుంది. పొద్దు తిరిగినా నీడ తిరగదు.

అయితే ఇంతకీ అలుగుకి ఏ మాట? నాకు దొరకలేదు. ఓర్పుకి హద్దుందని చెప్పే మాట ఓర్పుల జాబితాలో ఎందుకుంటుంది!

ఆ లోటు ఎంత ఖరీదైందో నల్లగొండ జిల్లాకి తెలుసు. ఇక్కడి నల్లరాతి పొరల్లోంచి ఊరే నీళ్ళలో ఫ్లోరైడు ఉంది. తాగే నీళ్ళలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే హాని. ఎన్నో ఊళ్ళ బావుల్లో అది ఆ హద్దు ఎప్పుడో దాటింది. పళ్ళు గారపట్టాయి, కీళ్ళు బిగిశాయి, పసిపిల్లల కాళ్ళు వంకర్లు తిరిగాయి. దశాబ్దాల తరబడి వీళ్ళు విన్నమాట "ఓపిక పట్టండి" అనే. ఒంట్లో ఓపికను ఆ నీళ్ళే తినేస్తుంటే ఇంకెక్కడి నుంచి తెచ్చి పడతారు?

1970ల దశకంలో నాగపూరులోని నీరి సంస్థ శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం కనిపెట్టారు. నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి, బాగా తిప్పి, మడ్డి అడుక్కి దిగాక పై తేట వాడుకోవడం. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు ప్రపంచమంతా స్థిరపడింది. తేటపడటమంటే నిమ్మళమే. కాని చూడండి, ముందు పటిక వెయ్యాలి, గట్టిగా తిప్పాలి. కలతపెట్టకుండా ఆ నీరు తేరుకోదు. తర్వాత ఎత్తిపోతల ద్వారా కృష్ణ నీళ్ళు ఉదయసముద్రానికి చేరాయి. అవీ ఊరికే రాలేదు, జనం ఏళ్ళతరబడి అడగ్గా అడగ్గా వచ్చాయి.

అంచేత నాకు తోచేదేమంటే, ఓర్పును ఇతరుల దగ్గర అడగడం సులువు. నిబ్బరాన్ని అలా అడగలేం, అది లోపల నిండితేనే వస్తుంది. అలుగు పారినంత మాత్రాన చెరువును ఎవరూ ఓర్పు లేనిదనరు. అలుగు లేని చెరువుకే కట్ట తెగుతుంది.